సెలవు రోజునే వచ్చే తుపాను

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందన్న కబురు రాగానే మన ఇళ్లలో ముందుగా సంబరపడేది ఎవరో తెలుసుగా? పిల్లలే! 'రేపు బడులకు సెలవిచ్చారట' అన్న మాట చెవిన పడితే చాలు... పుస్తకాల సంచి మూలకెళ్లిపోతుంది. పెద్దవాళ్లు కొబ్బరితోట గురించో, కోతకొచ్చిన వరి గురించో దిగులుపడుతుంటే, వీళ్లు వాన ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తుంటారు. తప్పేం లేదు. పిల్లలంటే అంతే.

కానీ ఓసారి పాత క్యాలెండర్లు తిరగేయండి. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆదివారం, మిట్టమధ్యాహ్నం. గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది 2021 సెప్టెంబరు 26న. అదీ ఆదివారమే, రాత్రి పూట. పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డెక్కింది 2013 అక్టోబరు 12 రాత్రి, సరిగ్గా దసరా రోజుల్లో. ఉద్దానాన్ని ఊడ్చేసిన తిత్లీ 2018 అక్టోబరు 11న, శరన్నవరాత్రులు మొదలైన మర్నాడు, తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర వచ్చిపడింది. 2004 సునామీ డిసెంబరు 26, ఆదివారం ఉదయం. గుజరాత్‌లో భుజ్ భూకంపం 2001 జనవరి 26, గణతంత్ర దినోత్సవం!

ఒక్కటైనా సోమవారం మూడో పీరియడ్‌లో వచ్చిందా?

కొంత కాకతాళీయమే అనుకుందాం. కానీ తుపాను సంగతిలో ఇది కాకతాళీయం కూడా కాదు. హెచ్చరిక రాగానే బడులు మూసేస్తారు. మూసేయాలి కూడా. అంటే గాలి వీచే వేళకు పిల్లాడు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు, మేస్టారి పక్కన ఉండడు. పూరింట్లోనో, రేకుల ఇంట్లోనో అమ్మానాన్నల మధ్య, నిద్రమత్తులో ఉంటాడు. విపత్తుల పాఠం ఎవరు చెప్పినా, ఏ పుస్తకంలో ఉన్నా, అది పనికి రావాల్సిన చోటు ఆ ఇల్లే.

పాఠాలు లేక కాదు. సీబీఎస్‌ఈ 2003లోనే ఎనిమిదో తరగతిలో విపత్తు నిర్వహణ పెట్టింది. తర్వాత తొమ్మిది, పదికీ విస్తరించింది. తమిళనాడులోని కుంభకోణంలో 2004 జులై 16న బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయాక, ఆ కేసుల మీద 2009లో సుప్రీంకోర్టు బడుల భద్రత గురించి గట్టిగానే చెప్పింది. 2005లో చట్టం వచ్చింది, 2016లో పాఠశాలల భద్రతకు జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. ఏటా అక్టోబరు 13న అంతర్జాతీయంగా ఓ దినోత్సవం కూడా ఉంది. పైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే వచ్చాయి కాబట్టి, మన జిల్లాలకు ఆ తేదీ ఎందుకని ఎవరూ వివరించక్కర్లేదు.

చిక్కల్లా ఏమిటంటే, పరీక్షలో 'తుపాను వచ్చినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?' అన్న ప్రశ్నకు పదికి పది మార్కులు తెచ్చుకున్న పిల్లాడు, అసలు తుపాను రోజున ఏం చేయాలో ఎరగడు. నమ్మకపోతే ఈ ఆదివారం మీ ఇంట్లోనే అడిగి చూడండి. మన బ్యాటరీ లైటు ఎక్కడుంది? రేషన్‌కార్డు, ఆధార్‌కార్డులు ఎక్కడున్నాయి? మన వీధిలో గట్టి శ్లాబు ఇల్లు ఎవరిది? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబితే మీ ఇంటి పంట పండినట్టే.

పుస్తకాల్లో తుపాను అనగానే దివిసీమ ఉంటుంది. ఉండాలి మరి. 1977 నవంబరు 19న మూడు నిలువుల ఎత్తున ఉప్పెన లేచి దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. కానీ సోంపేటలోనో భోగాపురంలోనో చదివే పిల్లకు ఆ ఒక్క పాఠం చాలదు. కృష్ణా డెల్టా పళ్లెంలా చదునుగా ఉంటుంది. దాని ముందు సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. గాలి నీటిని తోసుకొస్తే ఆ నీరు పోవడానికి దారి లేక పైకి లేస్తుంది. మనవైపు ఒడ్డు దాటగానే సముద్రం తొందరగా లోతెక్కుతుంది. అందుకే అంత భీకరమైన హుద్‌హుద్‌కు కూడా విశాఖలో నమోదైన ఉప్పెన సుమారు మీటరున్నర లోపే. మత్స్యకారుల వాడలకు అదీ తక్కువేం కాదు, నిజమే. కానీ శ్రీకాకుళం జిల్లా 193 కిలోమీటర్ల తీరంలో, విజయనగరం జిల్లాకు పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో ఉన్న ఇరవై ఎనిమిది కిలోమీటర్ల తీరంలో ఎక్కువ నష్టం చేసేవి రెండు. ఒకటి గాలి. రెండోది ఏరు.

ముందు గాలి సంగతి. పిల్లలకు దీన్ని చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కుడిచేతి గుప్పిట మూసి, బొటనవేలు పైకి పెట్టమనండి. మిగతా వేళ్లు ఏ దిక్కుకు చుట్టుకున్నాయో, మన బంగాళాఖాతం తుపాను గాలి ఆ దిక్కుకే తిరుగుతుంది. ఇప్పుడు కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర నిలబడినట్టు ఊహించుకోమనండి. తుపాను కేంద్రం విశాఖ దగ్గర తీరం దాటితే కళింగపట్నంలో గాలి సముద్రం మీంచి ఊరి మీదికి కొడుతుంది. అదే కేంద్రం గోపాల్‌పూర్ దగ్గర దాటితే గాలి ఊరి మీంచి సముద్రంలోకి కొడుతుంది. ఒకే ఊరు, ఒకే తీవ్రత, కానీ కెరటాల తీరు వేరు. అట్లాసూ గుప్పిటా ఉంటే అయిదో తరగతి పిల్లలు కూడా ఈ లెక్క కట్టేస్తారు. తర్వాత టీవీలో తుపాను బొమ్మ చూస్తే వాళ్లకది రంగుల సుడిలా కనిపించదు. తమ ఇల్లు దానికి ఏ పక్కనుందో వెతుక్కుంటారు.

ఆ సుడి నడిమధ్యన ఉంటుంది అసలు మోసగత్తె, తుపాను కన్ను. హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగానే వెళ్లింది. అంతదాకా చెట్లను పెకలించిన గాలి ఒక్కసారిగా చప్పబడింది. కాసేపటికి అవతలి దిక్కునుంచి మళ్లీ అందుకుంది. ఇలాంటప్పుడే మన ఇళ్లలో పెద్దవాళ్లు తలుపు తీస్తారు. 'గాలి ఆగిపోనాది గదేటి, ఆవు ఎలాగుందో సూసొస్తాను' అంటూ మామ్మ కర్ర పుచ్చుకుని లేస్తుంది. 'మామ్మా, ఇది కన్నే! అయిపోలేదింకా, కూకో' అని కొంగు పట్టుకుని ఆపే మనవడు ఆ ఇంట్లో ఉంటే, వాడికి బడిలో ఎవరో పాఠం సరిగ్గా చెప్పారన్నమాట. మొదటి గాలికి ఒక పక్కకు వంగి వేళ్లు వదులైన కొబ్బరిచెట్టు, రెండో గాలికి ఎదురు పక్కకు కూలుతుంది. ఆవు ఉన్నది సాధారణంగా ఆ చెట్టు కిందే.

పేపర్లో రోజూ చదివే 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' గురించి కూడా ఓ మాట. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవుల్లో ఎగరేసే ఈ సంకేతాలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఇవి ఓడల కోసం పెట్టినవి. ఒకటి, రెండు అంటే తుపాను ఎక్కడో దూరాన ఉందని. మూడు, నాలుగు అంటే మన రేవుకూ ముప్పు ఉందని. మన ఇళ్లలో చాలామంది అయిదుకన్నా ఏడు పెద్దదనుకుంటారు. అలా కాదు. అయిదు, ఆరు, ఏడు ఒకే స్థాయి ప్రమాదం. తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందో చెప్పడానికే మూడు అంకెలు. ఏడంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో అని. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, పెను ప్రమాదం. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం! ఇంట్లో ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది వాతావరణ శాఖ రంగులు. పసుపు అయితే ఓ కన్నేసి ఉంచాలి, నారింజ అయితే సర్దుకుని సిద్ధంగా ఉండాలి, ఎరుపు అయితే కదలాలి.

పేర్ల సంగతి చెబితే పిల్లలు ఎక్కడలేని ఉత్సాహంతో వింటారు. తిత్లీ అంటే సీతాకోకచిలుక, ఆ పేరిచ్చింది పాకిస్థాన్. హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ, ఇచ్చింది ఒమన్. పైలిన్ అంటే నీలమణి, థాయ్‌లాండ్ పెట్టుకున్న పేరు. సీతాకోకచిలుక అని పేరు పెట్టుకుని గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు కొబ్బరితోటల్ని, జీడితోటల్ని నేలమట్టం చేసింది చూడండి... పేరు పెట్టిన వాళ్లూ ఊహించి ఉండరు.

ఇక ఏరు. గాలి ఆగి, ఎండ కాసి, జనం ఊపిరి పీల్చుకున్నాక వస్తుందిది. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుదా... అన్నీ ఒడిశా కొండల్లోంచి దిగేవే. అక్కడ పడ్డ వాన ఇక్కడికి చేరడానికి గంటలు పడుతుంది. మన ఊళ్లో చుక్క పడకపోయినా వరద రావచ్చు. తిత్లీకి ఇదే అయింది. గొట్టా బ్యారేజీ దగ్గర, తోటపల్లి దగ్గర ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారని పేపర్లో వస్తుంది. చదివేవాళ్లలో ఎంతమందికి అంతు చిక్కుతుందో కానీ, ఇది చక్కటి లెక్కల పాఠం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. మనింటి బిందె పద్నాలుగు లీటర్లదనుకుంటే సెకనుకు రెండు బిందెలు. పదివేల క్యూసెక్కులంటే, కళ్లు మూసి తెరిచేలోగా ఇరవై వేల బిందెలు! ఆ లెక్క ఒకసారి తన చేత్తో వేసిన పిల్ల, నీరు పొర్లే కాజ్‌వే మీద ఆటో డ్రైవరు 'ఏం కాదమ్మా, దాటించేస్తాను' అంటే ఎక్కుతుందా? మోకాలి లోతు ప్రవాహం చాలు, పెద్దమనిషి కాళ్లు లాగేయడానికి. రెండడుగుల నీరు కారునే తోసుకుపోగలదు.

కొండవైపు వాళ్లది మరో బాధ. తిత్లీ రోజునే మహేంద్రగిరికి అవతల, ఒడిశాలోని గజపతి జిల్లా బరఘరా గ్రామంలో, వానకు తట్టుకోలేక కొండ గుహలో తలదాచుకున్నవాళ్ల మీద చరియలు విరిగిపడ్డాయి. పదిమందికి పైగా పోయారు. వాళ్లు నిర్లక్ష్యం చేయలేదు, భద్రమనుకున్న చోటికే వెళ్లారు. సీతంపేట, కురుపాం వైపు బడుల్లో చెప్పాల్సిన పాఠం ఉప్పెన గురించి కాదు, ఇదీ. పెద్దవానలో కొండవాలు కింద నిలబడకూడదు, గెడ్డలో నీళ్లు ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగితే పైనుంచి ఏదో వస్తోందని గట్టెక్కేయాలి.

పిడుగుల గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే వాటికి సెలవిచ్చేంత వ్యవధి ఉండదు. 2018 ఏప్రిల్ 24న ఒక్కరోజు, పదమూడు గంటల్లో మన రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఏప్రిల్, మే నెలలంటే వేసవి సెలవులు. పిల్లలు మామిడితోపుల్లో, జీడితోటల్లో, మేకల వెంట, చెరువుగట్ల మీద ఉండే కాలం. సాయంత్రం మబ్బు పట్టగానే అందరూ పరుగెత్తేది చెట్టు కిందికే. అంతకు మించిన ప్రమాదం మరొకటి లేదు.

మన పెద్దవాళ్లు ఉరిమితే అర్జునుడి పేర్లు చదివించేవారు. గుర్తుందా? ఆ అలవాటు మానక్కర్లేదు, దానికి ఇంకో పని అప్పజెబుదాం. మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. ధ్వని కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ముప్ఫై లెక్కపెట్టేలోగా ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందన్నమాట. వెంటనే పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన బస్సులోకో వెళ్లిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. అర్జునుడి పేర్లు ఆ అరగంట చదువుకోవచ్చు. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని దూరంగా నిలబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఒంట్లో కరెంటు మిగలదు. ఊపిరి ఆగితే ఛాతీ మీద రెండు చేతులతో బలంగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇది బొమ్మ మీద సాధన చేసి నేర్చుకోగలరు. పాముకాటుకు కోయడం, నోటితో పీల్చడం మాని ఆస్పత్రికి పరుగెత్తాలనీ అప్పుడే చెప్పేయొచ్చు. వరద తగ్గిన ఇంట్లో మనకన్నా ముందు కాపురం పెట్టేది అదే కదా.

పాఠం పనిచేస్తుందా అంటే, పనిచేసింది. టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లిష్ పిల్ల 2004 డిసెంబరులో అమ్మానాన్నలతో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కు సెలవులు గడపడానికి వెళ్లింది. అవును, సెలవులే! మైఖావ్ బీచ్‌లో సముద్రం నురగలు కక్కుతూ తీరు మార్చుకోవడం చూసి కేకలు పెట్టింది. అంతకు రెండు వారాల ముందే భూగోళం క్లాసులో మేస్టారు సునామీ గురించి చెప్పారు. పెద్దవాళ్లు ముందు నమ్మలేదు. పిల్ల పట్టు విడవలేదు. చివరికి సుమారు వందమంది ఒడ్డు వదిలి పైకి వెళ్లి బతికిపోయారు.

జపాన్‌లోని కమైషి కథ ఇంకా గట్టిది. 2011 మార్చి 11న భూమి కంపించగానే అక్కడి హైస్కూలు పిల్లలు ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా గుట్ట వైపు పరుగు తీశారు. పక్కనున్న ప్రైమరీ స్కూల్లో చిన్నపిల్లల్ని అప్పటికే మూడో అంతస్తుకు ఎక్కించారు. అన్నలు, అక్కలు పరుగెత్తడం చూసి వాళ్లూ దిగి వెంటపడ్డారు. పెద్దపిల్లలు చిన్నవాళ్ల చేతులు పట్టుకున్నారు. ఆ పట్టణంలో దాదాపు మూడువేల మంది విద్యార్థులుంటే, బడి బయట ఉన్న అయిదుగురు తప్ప అందరూ బతికారు. అదే రోజు ఇషినోమాకీలోని ఒకావా ప్రాథమిక పాఠశాలలో 108 మందిలో 74 మంది పిల్లలు చనిపోయారు. బడి వెనకే కొండ ఉంది. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేక యాభై నిమిషాలదాకా పిల్లల్ని ఆవరణలోనే నిలబెట్టారు. ఈ రెండు బడుల మధ్య తేడా పుస్తకాలది కాదు. కమైషిలో ఏళ్ల తరబడి పిల్లల చేత గుట్ట దాకా పరుగెత్తించారు, దారుల బొమ్మలు వాళ్లచేతే గీయించారు.

మన బడుల్లో ఆ బొమ్మ గీయించడానికి పైసా ఖర్చు లేదు. ఒక తెల్లకాగితం, రంగు పెన్సిళ్లు. ఊరి బొమ్మ గీసి శ్లాబు ఇళ్లు ఒక రంగు, పూరిళ్లు ఒక రంగు వేయాలి. వానొస్తే మునిగే దారి, కరెంటు తీగలున్న చోటు, పాత గోడ, బోరింగు... అన్నీ పెట్టాలి. తుపాను షెల్టరు ఉంటే అది. చాలా ఊళ్లలో షెల్టరంటే బడే. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ రాత్రి ఊరంతా చాపలు, దుప్పట్లు పట్టుకుని బడికి వస్తే, అక్కడ కుళాయి ఎక్కడుందో, ఏ గది కారుతుందో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలిసింది పిల్లలకే! పెద్దవాళ్లు అతిథులు, వీళ్లే ఇంటివాళ్లు. ఆ పెద్దరికం పిల్లలకు ముందే అప్పజెప్పాలి.

భయపెట్టి చెప్పడం మాత్రం వద్దు. ఉద్దానంలో తిత్లీ రాత్రి ఇంటి కప్పు లేచిపోవడం కళ్లారా చూసిన పిల్లలు, ఇప్పటికీ ఈదురుగాలికి ఉలిక్కిపడేవాళ్లు ఉంటారు. వాళ్లకు శవాల వీడియోలు చూపించి నేర్పేదేం ఉండదు. మరోపక్క తిత్లీ తర్వాత పుట్టినవాళ్లు కూడా ఇప్పుడు పలకలు పట్టుకుని అదే బడికి వస్తున్నారు. వాళ్లకు తిత్లీ అంటే ఇంకా సీతాకోకచిలుకే. అక్క చెబితే తమ్ముడు వింటాడు, కాబట్టి ఆ రాత్రి కథ చూసినవాళ్ల చేతే చెప్పించడం మేలు.

నా మట్టుకు నాకు ఒక్కటే కోరిక. 'రేపు బడులకు సెలవు' అని చెప్పినప్పుడల్లా మేస్టార్లు ఓ హోంవర్క్ కూడా ఇవ్వాలి. ఎక్కాలు, వ్యాసాలు వద్దు. పొద్దు గూకేలోగా చేసి చూపించాల్సిన పనులు. సెల్‌ఫోన్ చార్జింగ్ పెట్టావా? కాగితాలు పాలిథిన్ సంచిలో కట్టావా? బిందెలు నింపి మూత పెట్టారా? అటుకులో, మురీలో రెండు రోజులకు సరిపడా ఉన్నాయా? పశువుల పలుపులు విప్పారా? 112, 1070 నంబర్లు గోడ మీద రాశావా? ఆఖరున ఒకటి, దీనికి మార్కులు ఎక్కువ: మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ ఎవరు? గాలి మొదలవకముందే ఆవిడను మీ ఇంటికి తీసుకొచ్చేది నువ్వా, మీ నాన్నా?